ఆగుతా

ప్రియమైన తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. లేబుళ్ళ కంపెనీలో కొత్త అచ్చుయంత్రం పెట్టారనీ, దాని మోతలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు కాబట్టి నీకు హాయిగా ఉందనీ రాశావు. చదివి నవ్వాను, తర్వాత నవ్వు రాలేదు. మందుసీసాల మీద లేబుల్ వంకర పోకుండా చూసే ప్రోగ్రాములు రాస్తూ కూర్చోవాల్సినవాడివి కాదు నువ్వు. ఆ మాటంటే నీకు కోపం. అనకుండా నేను ఉండలేను.

ఇక మా ఆఫీసు సంగతి. ఇన్నాళ్ళూ నేను పోరుతున్నది చివరికి ఒప్పుకున్నారు. స్నేహితులని కలిపే మా సైటులో కోట్లమంది సభ్యులున్నా, అందులో ఏ ఆటైనా ఏ సదుపాయమైనా మేమే తయారుచేసి పెట్టాల్సి వచ్చేది. ఇకమీదట బయటివాళ్ళు ఎవరైనా తమ యాప్ తయారుచేసి మా సైటులో పెట్టుకోవచ్చు. సభ్యుడు సరేనంటే అతని పేరూ, స్నేహితుల జాబితా ఆ యాప్‌కి మేమే అందిస్తాం. మీటింగులో మా డైరెక్టరమ్మ, "బయటివాళ్ళు వచ్చి మన ఇంట్లో ఏం చేస్తారో ఎవరికి తెలుసు?" అంది. "మనకి తోచనివి చేస్తారండీ. అందుకే రమ్మంటున్నాం" అన్నాను. ఆవిడ సంతకం పెట్టింది.

ఇదంతా నీకెందుకు రాస్తున్నానో నీకు అర్థమయ్యే ఉంటుంది. దీనికి ఇంటర్వ్యూ లేదు. నీ నోట మాట బయటికొచ్చేలోపు ఫైలు మూసేసే పెద్దమనుషులు లేరు. నీ నత్తి ఎవరికీ వినబడదు, నీ కోడ్ కనబడుతుంది. ఒకే ఇంట్లో ఉన్నప్పుడు కూడా చీటీలు రాసుకున్నవాళ్ళం మనం. నువ్వు ఫోన్ ఎత్తవని తెలిసే, అందరూ తెరమీద చదువుకునే సూచనలన్నీ నీకోసం అచ్చు తీయించి జతచేశాను. చదువు.

ప్రేమతో,
అక్క

*

అక్కా,

నువ్వు పంపిన కట్ట దిండుకింద పెట్టుకునేంత లావుగా ఉంది. మొదట్లో అందుకే వాడాను కూడా. తర్వాత పన్ను నొప్పి వచ్చింది.

పంటి డాక్టరుకి ఫోన్ చేశాను. మంగళవారం రావచ్చా అని అడగాలి. 'మం' దగ్గర బండి ఆగిపోయింది. అవతలి అమ్మాయి మంచిదే, సాయం చేద్దామనుకుంది. మంటగా ఉందా అండీ, మందులు కావాలా అండీ అని ఒక్కొక్కటే అందించింది. చివరికి అవునని ఫోన్ పెట్టేశాను. సాయంత్రానికి మందులు ఇంటికొచ్చాయి. పన్ను మాత్రం అలాగే ఉంది.

ఆ మందులు ముందు పెట్టుకుని కూర్చుంటే ఒకటనిపించింది. ఆ అమ్మాయి కాస్త ఆగుంటే సరిపోయేది. కానీ అవతల నిశ్శబ్దం వినబడితే ఎవరికైనా నోరు ఊరుకోదు. మనిషి ఆగలేకపోతే యంత్రం ఆపవచ్చు కదా. దిండుకింద కట్ట తీసి మొదటి పేజీ నుంచి చదివాను.

ఇదీ నా ఆలోచన. నీ సైటులో ఉన్న ఇద్దరు స్నేహితులు నా యాప్ ద్వారా మాట్లాడుకుంటారు. ఒకరు మాట్లాడుతున్నంతసేపూ రెండోవాళ్ళ మైకు మూసి ఉంటుంది. 'అయింది' అనే బటన్ మొదటివాళ్ళు నొక్కితేనే అది తెరుచుకుంటుంది. అంతే, ఇంకే హంగూ లేదు. పేరు 'ఆగుతా'. అచ్చులతో మొదలయ్యే మాటలు నాకు సులువుగా వస్తాయి. నా సరుకు పేరు నేనే పలకలేకపోతే బాగుండదు.

బయటివాళ్ళకి నీ సైటు తలుపు తెరిచాక మొదటి వారంలోనే లోపలికొచ్చేస్తాను. బాగోలేకపోతే బాగోలేదని రాయి.

నీ
తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడూ,

బాగోలేదని రాయడానికి నాకేమీ దొరకలేదు.

'ఆగుతా'ని మొదట మీ బావమీద ప్రయోగించాను. పాపని ఏ బడిలో వేయాలన్నదానిమీద మా ఇద్దరికీ చాలాకాలంగా తగువు. నేను పడగ్గదిలో, ఆయన ముందుగదిలో ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. ఆయన చెప్పేది చివరిదాకా వినడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారేమో. మధ్యలో పదిమాట్లు నోరు తెరిచాను, మైకు తెరుచుకోలేదు. తీరా విన్నాక ఆయన మాటలో కొంత న్యాయముందనిపించింది. ఈ సంగతి ఆయనకి చెప్పకు.

ఆఫీసులో అందరి ఫోన్లలోనూ ఉంది. మా డైరెక్టరమ్మ వాళ్ళ అమ్మతో వాడిందట. "దీన్ని మనం ఎందుకు చేయలేకపోయాం?" అని మా ఇంజనీర్లని అడిగింది. ఒకతను, "మాకు మాట్లాడటం వచ్చు కదండీ" అన్నాడు. అతని మాట నాకు నచ్చింది. మన గెలుపంతా ఆ మాటలోనే ఉంది. లోపల కూర్చుని మేం వందమంది ఆలోచించినా నీ పంటినొప్పి మాలో ఎవరికీ రాదు.

చెప్పేయనా? నిన్ను ఇక్కడికి తెచ్చుకోవాలని మాట్లాడుతున్నాను. ఇంటర్వ్యూ లేకుండానే. ఇప్పుడే ఆశపెట్టకూడదు గానీ, దాచుకోలేకపోతున్నాను.

ఒక చిన్న చికాకు. 'మీరు ఏ పక్షి?' అని ఒక యాప్ వచ్చింది. సభ్యులంతా దాని వెంటపడ్డారు. నాలుగు ప్రశ్నలు అడిగి నువ్వు చిలకవనో కాకివనో చెబుతుంది. దానికి స్నేహితుల జాబితా అంతా ఎందుకో నాకు బోధపడటం లేదు. అడిగితే, నిబంధనల ప్రకారమే తీసుకుంటున్నాం అన్నారు. ఆ నిబంధనలు రాసింది నేనే.

ప్రేమతో,
అక్క

*

అక్కా,

నేను గుడ్లగూబనట. ఆ పక్షుల యాప్ నేనూ చూశాను. నా కోడ్‌లో కూడా స్నేహితుల జాబితా అడిగే వరస ఒకటి ఉండేది, నీ కాగితాల్లోని నమూనాలోంచి దిగింది. నాకెందుకని తీసేశాను. ఎవరితో మాట్లాడాలో ఆ ఒక్క పేరు తెలిస్తే చాలు.

ఇక్కడొకాయన సంగతి చెప్పాలి. రేడియోలో ఏళ్ళ తరబడి వార్తలు చదివినాయన. పక్షవాతం వచ్చి మాట పోయింది, ఇప్పుడు ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఆయన భార్య నాకు యాప్‌లో రాసింది, ఈ ఊరివాళ్ళే. వెళ్ళాను. ఇరుకు హాలు, కిటికీ పక్కన కుర్చీలో ఆయన. వేరే ఊళ్ళో ఉన్న కూతురికి ఉద్యోగంలో పెద్ద హోదా వచ్చింది. నాన్నకి ఆ సంగతి అర్థమైందో లేదో అని ఆమె దిగులు. ఏమన్నా చెప్పబోతే చుట్టూ ఉన్నవాళ్ళే పూర్తిచేసేస్తారు కాబట్టి, ఆయన కొన్నాళ్ళుగా నోరు తెరవడమే మానేశాడట.

'ఆగుతా' పెట్టి ఫోన్ ఆయన చేతికిచ్చాం. ఆయన పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. భార్య అందించబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. చాలాసేపటికి, "విన్నానమ్మా. గర్వంగా ఉంది" అన్నాడు. బటన్ నొక్కాడు. మైకు తెరుచుకునేసరికి అవతల ఏడుపు. తర్వాత ఆమె చెప్పింది, ఆయన మొదటి అక్షరం నుంచీ ఏడుస్తూనే ఉందట. మైకు మూసి ఉండబట్టి ఆయనకి వినబడలేదు. వినబడితే ఆయన అక్కడే ఆగిపోయేవాడు.

అక్కా, ఇది నేను చేసింది కాదు. నువ్వు ఆ తలుపు తీయకపోతే నేను లేబుళ్ళ దగ్గరే ఉండేవాణ్ణి.

ఉద్యోగం సంగతి రాశావు. వద్దనుకుందామని చూశాను, కుదరలేదు. కొత్త చొక్కా కొన్నాను.

నీ
తమ్ముడు

*

తమ్ముడూ,

తొందరలో రాస్తున్నాను. పక్షుల యాప్ వాళ్ళు మా సభ్యుల జాబితాలన్నీ ఒక ప్రకటనల కంపెనీకి అమ్ముకున్నారు. మా సైటులో రోగులు ఒకరికొకరు ధైర్యం చెప్పుకునే బృందాలున్నాయి. స్నేహితుల జాబితాలో ఒక్కొక్కరి ఫోన్ నంబరూ, వాళ్ళున్న బృందాల పేర్లూ ఉంటాయి కాబట్టి, ఆ రోగుల వివరాలు కూడా పోయాయి. ఇంట్లోవాళ్ళకి సైతం చెప్పుకోని జబ్బు గురించి ఒకావిడకి ఎవడో మందులు అమ్మేవాడు ఫోన్ చేశాడు. ఆవిడ ఆఫీసుకొచ్చింది. అరవలేదు, తిట్టలేదు. "నా ఫ్రెండ్ పక్షుల ఆట ఆడితే నా జబ్బు బయటికెలా వచ్చిందండీ?" అని అడిగింది. జవాబు నాకు తెలుసు. అందుకే నోరు పెగల్లేదు.

ఛైర్మన్ బయటి యాప్‌లన్నీ మూసేయమంటున్నాడు. ఈ నెలాఖరుకి తలుపు మూత. మంచీచెడ్డా తేడా లేదు, అన్నీ పోతాయి. నీదొక్కటి మాత్రం ఉంచుకుంటారట. 'ఆగుతా'ని కంపెనీ తీసుకుంటుంది, దాంతోపాటు నిన్నూ. గురువారం డైరెక్టర్లందరి ముందు నువ్వొచ్చి చూపించాలి. మాట్లాడాల్సినదంతా నేను మాట్లాడతాను, నువ్వు సరేనంటే చాలు.

సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు. నేను కట్టింది కూలిపోతోంది, అందులోంచి నువ్వు నా దగ్గరికొస్తున్నావు. రైలు దిగగానే కనబడేలా ప్లాట్‌ఫాం మీదే ఉంటాను.

అక్క

*

ప్రియమైన తమ్ముడూ,

నువ్వు రైలెక్కి వెళ్ళాక నీకు కోపంగా ఒక ఉత్తరం రాసి చించేశాను. ఇది రెండోది.

గురువారం డైరెక్టర్ల గదిలో నువ్వు మాట్లాడుతున్నంతసేపూ బల్లనే చూస్తున్నావు. నేను వాళ్ళ మొహాలు చూశాను. కాబట్టి నీకు కనబడనిది నేను చెబుతాను.

నేను లేవబోతే నువ్వు నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టావు. నువ్వు లేచి, "ఉద్యోగం వద్దండీ" అన్నావు. ఆ ముక్క ఒక్క తడబాటు లేకుండా వచ్చింది. తర్వాత "తలుపు మూయకండి" అనడానికి ఎంతసేపు పట్టిందో నీకు తెలుసు. "జా" దగ్గర నువ్వు చిక్కుకున్నప్పుడు ఛైర్మన్ "జాగ్రత్తా?" అని అందించబోయాడు. డైరెక్టరమ్మ ఆయన చేతిమీద చెయ్యి వేసింది, చూడలేదు కదా నువ్వు. ఆ తర్వాత ఒక్కరు కదల్లేదు. ఒకాయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "జాబితా మూయండి" అని నువ్వు పూర్తిచేశావు. నీ యాప్ జాబితా అడగకుండానే నడుస్తోందనీ, మిగతా యాప్‌లు కూడా అలా నడుస్తాయేమో ఒక్కసారి చూడమనీ చెప్పావు. ఆ కాసిని మాటలకి చాలాసేపు పట్టింది. అంత శ్రద్ధగా వినడం ఆ గదిలో నేనెప్పుడూ చూడలేదు.

నువ్వు వెళ్ళిపోయాక పెద్ద రభసే జరిగింది. ఛైర్మన్ మూసేయాలన్నాడు, డైరెక్టరమ్మ చూద్దామంది. మా ఇంజనీర్లు ప్రతి యాప్‌నీ విప్పి చూశారు. చాలావాటికి జాబితాతో పనే లేదు. ఇస్తున్నాం కాబట్టి తీసుకుంటున్నాయి, అంతే. తలుపు తెరిచే ఉంచాలని తేల్చారు. ఇకమీదట స్నేహితుల జాబితా ఎవరికీ ఇవ్వరు. ఏం కావాలో, ఎందుకు కావాలో ప్రతి యాప్ చెప్పుకోవాలి. దాన్ని ఒకళ్ళు పరిశీలించి సరేనంటేనే లోపలికి.

ఆ ఒకళ్ళుగా నన్నుండమంటున్నారు. నేనింకా ఏమీ చెప్పలేదు. అందర్నీ రమ్మని పిలిచినదాన్ని, ఇప్పుడు గడపలో నిలబడి నువ్వు వద్దు, నువ్వు వద్దు అనాలా?

నువ్వేమో వద్దన్నావు. నీకోసం మా వీధిలో గది కూడా చూసి పెట్టాను. పాప రోజూ అడుగుతోంది. ఎందుకు వద్దన్నావో ముందురోజు రాత్రి భోజనాల దగ్గరైనా చెప్పలేదు. తప్పు పట్టడం లేదు. నిన్ను చూసి నా గుండె నిండిపోయింది, అది వేరే సంగతి. కానీ కారణం తెలియాలి నాకు.

ప్రేమతో,
అక్క

*

ప్రియమైన అక్కా,

ముందురోజు చెప్పలేదు, ఎందుకంటే ముందురోజు వద్దనుకోలేదు. సరేనందామనే వచ్చాను. నువ్వు చూసిపెట్టిన గది నాకు నచ్చింది. వచ్చేస్తానని పాపకి మాట కూడా ఇచ్చేశాను.

గురువారం పొద్దున నువ్వు కాగితాలు తేవడానికి పైకెళ్ళావు, గుర్తుందా? మీ ఆఫీసువాళ్ళిద్దరు నన్ను నడవాలో పలకరించారు. మర్యాదస్తులు, కాఫీ తెచ్చిచ్చారు. 'ఆగుతా' అద్భుతమన్నారు, మనస్ఫూర్తిగానే అన్నారు. కంపెనీ తీసుకున్నాక ఒక చిన్న మార్పు చేస్తారట. అవతలివాళ్ళకి విసుగు రాకుండా, నిమిషం కాగానే మైకు దానంతటదే తెరుచుకుంటుంది. "యూజర్లు అంతకంటే ఆగరండీ. నిమిషమంటే చాలా ఎక్కువే కదా" అని నవ్వారు.

వాళ్ళది తప్పని కాదు. లెక్కలు చూసి చెబుతున్నారు. కానీ నాకు ఆ రేడియో ఆయన కళ్ళముందు మెదిలాడు. కూతుర్ని పేరుపెట్టి పిలవడానికే ఆయనకి నిమిషం చాలదు. నేను ఉద్యోగంలో చేరితే ఆ మార్పు నా చేత్తోనే చేయాలి. వద్దంటే, కొత్తగా వచ్చినవాడి మాట ఎవరు వింటారు? బయట ఉంటే మాత్రం అది నాది. ఎంతసేపైనా ఆగుతుంది. నీ తలుపు తెరిచి ఉంటే నీ సైటులోనూ, రేపు ఇంకెవరైనా తెరిస్తే అక్కడా ఉంటుంది. అప్పటికప్పుడు ఇవన్నీ నీకు చెప్పడానికి నాకు మాట కూడదీసుకునే వ్యవధి లేదు. ఉన్న ఊపిరి లోపల వాళ్ళకోసం దాచుకున్నాను. నీ మనసు కష్టపెట్టాను, తెలుసు.

లేబుళ్ళ కంపెనీకి సగం రోజులే వస్తానని చెప్పాను, ఒప్పుకున్నారు. మిగతా సగం 'ఆగుతా'కి.

ఇక గడప దగ్గర నిలబడే పని. నువ్వే తీసుకో అక్కా. ఆ జబ్బుమనిషి వచ్చి అడిగినప్పుడు నీకు నోరు పెగల్లేదని రాశావు. నోరు పెగలనివాళ్ళ విషయం నాకు కాస్త తెలుసు. ఎవరెందుకు వస్తున్నారో అడిగేవాళ్ళు లేకపోతే తలుపు మూసేయాలనే అంటారు. అడిగేవాళ్ళుంటేనే అది తెరిచి ఉంటుంది. తలుపు తీయించడం నీవల్ల అయినప్పుడు, అడగడం ఎంతసేపు?

నిన్న 'ఆగుతా'ని మళ్ళీ మొదటినుంచీ విప్పి చూశాను. ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో అది రాసిపెట్టి దాచుకుంటోంది. ఎందుకు దాచాలో రాసిన నాకే తెలియదు. తీసేశాను. అలాంటివి ఇంకా ఏమున్నాయో నా కంటికి ఆనవు. నువ్వు ఆ కుర్చీలో కూర్చున్న రోజు మొట్టమొదట నాదే పరిశీలించు. తమ్ముడినని చూసీచూడనట్టు వదిలేయకు. వద్దనాల్సి వస్తే వద్దను. సరిచేసుకుని మళ్ళీ వస్తాను.

నీ
తమ్ముడు