మూడు స్వెటర్లు, అత్తయ్య వేళ్లు

మంగళవారం, దసరా వెళ్లిన వారం

తెల్లవారుజామున చలి మొదలైంది. నేను ఒకేసారి మూడు స్వెటర్లు మొదలుపెట్టి కూర్చున్నాను, పాపకి, ఈయనకి, అత్తయ్యకి. ఏదీ సగం దాటలేదు.

ఈయన స్వెటర్‌లో ఎక్కడో ఒక ఫందా, ఒక ఊలు ముడి, సూది మీంచి జారిపోయింది. మధ్యాహ్నమంతా వెతికినా నాకు దొరకలేదు. చూపు పూర్తిగా పోయిన అత్తయ్య చెయ్యి చాచింది. వేలికొసలతో తడుముతూ తొమ్మిది వరసల కింద పట్టేసింది! ఆవిడ అల్లిక నేర్చుకున్నది హిందీ మాట్లాడే ఈ ఊరొచ్చాకే, గోల్‌మురి పేటలోని క్వార్టర్లో పక్కింటి పంజాబీ ఆవిడ దగ్గర.

అంతటితో ఆగలేదు. "ఇక్కడ్నించి ఇలా బిగిసిపోనాదేటే? మీ ఇద్దరికీ మాటల్లేవా ఏటి?" అంది.

సరిగ్గా ఆ వరసలు అల్లిన వారమే మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఇంట్లో ఎవరికీ తెలియదనుకున్నాను.

పాపది తడిమి, "ఇది నవ్వుకుంటా అల్లీసినావు" అంది.

"నానమ్మా, యే తో జాదూ హై!" అని, ఇదంతా మాయేనంటూ పాప చప్పట్లు కొట్టింది.

చివరికి తన స్వెటర్ ఒళ్లోకి తీసుకుంది. చాలాసేపు తడిమింది. ఏమీ అనకుండా మడతపెట్టి నా చేతికిచ్చింది.

అది అల్లేటప్పుడు నా మనసులో ఏముందో ఆవిడకి తెలిసిపోయింది. నాకే గుర్తు రావడం లేదు.