న్యాయమైన బదిలీ

ఏప్రిల్ 4
ఈరోజు నుంచి భూగోళాన్ని కాపాడుతున్నాను. జీతం నెలాఖరున ఇస్తారట. పర్యావరణ ప్రాజెక్టు ఆఫీసులో అనువాదకుడి ఉద్యోగం. ఊరి చివర బొగ్గు కరెంటు ప్లాంటు మూసేస్తారు. బదులుగా పక్కనే సోలార్ సిద్ధమవుతోంది. డబ్బు బయటి దేశాల అప్పు. రెండొందల ఏళ్లు పొగ వదిలి బాగుపడ్డవాళ్లు మనకి వైరాగ్యాన్ని వడ్డీకి తిప్పుతున్నారు. మా మేనమామ ఆ ప్లాంటులోనే బాయిలర్ ఆపరేటర్. నేను నిప్పు పెడతాను, నువ్వు నీళ్లు పొయ్యి, ఇంట్లోకి రెండు జీతాలు అన్నాడు.

ఏప్రిల్ 9
'జస్ట్ ట్రాన్సిషన్' అంటే పనివాళ్లు రోడ్డున పడకుండా బొగ్గు మానేయడమట, దానికి సాయంత్రానికల్లా తెలుగు కావాలట. 'న్యాయబద్ధ పరివర్తన' అంటే జైలు నుంచి వచ్చినవాడిలా ఉంది. 'ధర్మ సంక్రమణం' అంటే అంటువ్యాధి. చివరికి 'న్యాయమైన బదిలీ' అని టైపు కొట్టి టీకి వెళ్లాను.

మే 16
ప్లాంటు క్యాంటీన్లో మీటింగ్. మా ప్రాజెక్టు డైరెక్టర్ మేడమ్ ఇంగ్లీషులో, వెనకే నేను తెలుగులో. 'బదిలీ' అనగానే చప్పట్లు. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. మావయ్య రెండూ ఎత్తాడు. మూసేస్తామంటే చప్పట్లు కొట్టే కార్మికుల్ని ఎక్కడా చూడలేదని మేడమ్ మురిసిపోయారు. నేనూ మురిశాను, ఏడ్చినట్టే ఉంది.
తర్వాత మావయ్య నన్ను పక్కకి లాగాడు.
"ఒరేయ్ అల్లుడూ, బదిలీలో సీనియారిటీ పోదు కదా?"
అప్పుడు వెలిగింది. సోలార్‌లో ఇంతమందికి పనెక్కడిది? మూడొందల మంది చేసేచోట పలకలు తుడవడానికి పదకొండు మంది చాలు. కనుక్కుంటానన్నాను.

మే 17
వాళ్లు ట్రాన్స్‌ఫర్ అనుకుంటున్నారని మేడమ్‌కి చెప్పాను. కాఫీ కలుపుతూ విన్నారు. ఉద్యోగం పోయేవాళ్లకి పరిహారం, శిక్షణ ఉన్నాయిగా అన్నాను. ఉండేవట. ఆ పద్దు రిపోర్టులకి, వర్క్‌షాపులకి, మనలాంటివాళ్ల జీతాలకి సరిపోయిందట.
"మాట చక్కగా కుదిరింది. మార్చకండి."
నన్ను 'మీరు' అంటూనే చెప్పారు. అసహ్యం మర్యాదగా వస్తే కక్కడానికీ ఉండదు, గొంతులో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

మే 18
మావయ్యకి చెప్పాలి.

మే 25
చెప్పలేదు. కొత్తచోట మసి ఉండదు కదా, మీ మావయ్యకి తెల్ల చొక్కా కొననా అని అత్తయ్య అడిగింది. నీలం బాగుంటుందన్నాను. థూ, నా బతుకు.

జూన్ 2
చెప్పేశాను. బదిలీ లేదు, ఆ మాట నాదే, తప్పు అని. మావయ్య కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. వెధవకి చిన్నప్పటినుంచీ ఎకసెక్కాలే అని అత్తయ్యతో అన్నాడు. ఒట్టు వేశాను. ఇంకా నవ్వాడు. ఇన్నేళ్లు నవ్వించినందుకు నా ఒట్టుకి పలికిన ధర అది.

జూలై 1
ప్లాంటు ఆగింది. మావయ్య నీలం చొక్కా వేసుకుని, కారేజీ పట్టుకుని సోలార్ గేటు దగ్గరికి వెళ్లాడు. బదిలీ మీద వచ్చానన్నాడట. వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు. స్టూలు మాత్రం వేశాడు. సాయంత్రం నేను వెళ్లేసరికి అక్కడే కూర్చున్నాడు. కారేజీ విప్పలేదు. నన్ను చూసి నవ్వలేదు.

జూలై 2
నాకు బదిలీ అయింది. హెడ్డాఫీసుకి. సీనియారిటీ పోదట.