కొంగు కింద చెయ్యి

విశాఖపట్నం

అక్కకు,

ముందు నీ మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి. బావగారు, పిల్లలు, నాయనమ్మ అంతా కులాసాయేనా? మేమిద్దరం బాగానే ఉన్నాం, బెంగపెట్టుకోకు. మీ మరిదికి ప్లాంటులో మళ్లీ షిఫ్టు మారింది. ఈ ఉక్కపోత మాత్రం నాకు ఇంకా అలవాటు కాలేదు.

వచ్చిన కొత్తలో మాట్లాడే దిక్కులేక ఏడ్చేదాన్నని రాశాను కదా. తర్వాత మా వరుస క్వార్టర్ల ఆడవాళ్లం ఆదివారం మధ్యాహ్నాలు కథలాట మొదలుపెట్టాం. పాత శుభలేఖలు ముక్కలుగా కోసి తుఫాను, తాళంచెవి, అప్పగింతలు అని ఒక్కో మాట రాసుకున్నాం. ఒక్కొక్కరం ఒక్కో మనిషి. ముక్క తీసి, ఆ మాట మీద ఆ మనిషిగా మాట్లాడాలి. ఎవరేమడిగినా జవాబు చెప్పాలి. తెలీదు అంటే మాత్రం ఆ మనిషిని అడిగినవాళ్లకు ఇచ్చేయాలి.

నా మనిషి కాసులమ్మ. రేవులో పడవ నడిపే ముసలావిడ, ఎడమ చెయ్యి ఎప్పుడూ కొంగు కిందే. వానాకాలమంతా ఆవిడగానే బతికాను. నేను రాద్దామని కూర్చునేలోపు పై వాటా శకుంతల ఆ కథను తన పేరుతో వారపత్రికకు పంపేసింది. అచ్చయింది కూడా! మాటలన్నీ నావే. అడిగితే, "ఆట అందరిదీ కదండీ" అని నవ్వింది. ఒళ్లు మండిపోయిందక్కా. ఆ నవ్వు మాయమయ్యేదాకా నాకు అన్నం సయించలేదు.

మొన్న మహిళామండలి వాళ్లు ఆవిడకు సన్మానం పెట్టారు. కథ పుట్టిన ఆటను అందరికీ చూపిద్దామని నేనే అన్నాను. శాలువా కప్పుకుని కాసులమ్మగా దర్జాగా కూర్చుంది. తుఫాను ముక్క వస్తే బాగానే చెప్పింది. అప్పుడు అడిగాను.

"అవ్వా, ఆ ఎడమ చెయ్యి ఎందుకు దాచుకుంటావు?"

"అదీ... అలవాటు."

"ఎందుకయింది ఆ అలవాటు?"

"ఏమో, తెలీదండీ," అనేసింది.

ముందు వరుసలోంచి మా పక్కింటి నూకరత్నం నా వైపు చూపిస్తూ లేచింది. జాలారిపేట మనిషి, గొంతు పెద్దది. "ఏటమ్మా, తెలీదంటన్నావు? రాసినావిడవి నువ్వే కదా! మనిసిని ఇచ్చీ మరి, సత్తివతమ్మకి!"

హాలంతా ఒకటే నవ్వు. శకుంతల శాలువా తీసి ఒళ్లో పెట్టుకుంది. నాకు రవ్వంత జాలి కూడా వేయలేదు.

అందరూ నన్నే చెప్పమన్నారు. చెప్పలేదు. ఆ చెయ్యి నాయనమ్మది కదా. పెళ్లికి ముందు తను మనసుపడ్డవాడి పేరు పచ్చబొట్టు పొడిపించుకుని, తాతయ్య కంటపడకుండా జీవితమంతా కొంగు కప్పుకుందని మనిద్దరికే తెలుసు. ఇప్పుడు ఆ సంగతితో అసలు కథ రాశాను. నా పేరుతో అచ్చయితేగానీ నా కసి తీరదు. కానీ నాయనమ్మను అడక్కుండా పంపలేను. వద్దంటే చించేస్తాను, శకుంతలదే పైచెయ్యి అవుతుంది. ఎవరూ లేనప్పుడు నువ్వే మెల్లగా అడుగు.

నూకరత్నం ఇచ్చిన ఎండు నెత్తళ్లు విడిగా పంపుతున్నాను. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నాయనమ్మకు ఈసారి నా దండం పాదాలకు కాదు, ఆ ఎడమ చేతికని చెప్పు.

నీ చెల్లెలు
సత్యవతి