వాలు అక్షరాల వీరలక్ష్మి

14 జూన్ 2003, శనివారం

కొత్తపేట బస్టాండు పక్కన గది దొరికింది. కుట్టు మిషను ఇంట్లోంచి అక్కడికి మారుస్తాను.

బోర్డు కోసం అమలాపురం వెళ్లాను. స్టిక్కర్ షాపులో దివ్య అనే అమ్మాయి కంప్యూటర్లో నా పేరు రకరకాల అక్షరాల్లో చూపించింది. ఒకదాని దగ్గర ఆపమన్నాను. బాగా లావు. ఎక్కడా సన్నబడదు. చివర్లలో సోకులేమీ లేవు. మొత్తం కుడివైపుకి వాలి ఉంది, ఎక్స్‌ప్రెస్ బస్సుల మీద రాసినట్టు. ఆటోల వెనకా, కేబుల్ టీవీ వాళ్లకీ, ట్యుటోరియల్ కాలేజీలకీ ఇదే అడుగుతారట. లేడీస్ టైలర్ ఎవరూ అడగలేదట. రేషన్ కార్డులో నిలబడ్డ పేరే ఇన్నాళ్లూ చూశాను. ఇది ఎక్కడికో బయల్దేరినట్టుంది.

ఇదే కావాలన్నాను.

16 జూన్

ప్రింటు తీసిన కాగితం మావయ్యగారికి చూపించాను. తల పక్కకి వంచి చూశారు. "పడిపోతున్నట్టుందమ్మా" అన్నారు. "అబ్బాయి పేరుండగా నీ పేరెందుకు?" అన్నారు. అత్తయ్యగారు బియ్యం ఏరుకుంటున్నారు.

22 జూన్, ఆదివారం, సాయంత్రం 6

కువైట్ నుంచి ఆయన ఫోన్. అదే మాట. నా పేరుంటే నేను పెట్టించినట్టుంటుంది, నీ పేరుంటే నా సంపాదన చాలక పెట్టావనుకుంటారు అన్నారు. కుట్టేది నేను కదండీ అన్నాను. ఎవరు కుడితే ఏంటన్నారు. గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకునే మనిషి.

27 జూన్

మావయ్యగారే దివ్య షాపుకి వెళ్లి బోర్డు తెచ్చారు. 'సూర్యప్రకాష్ టైలర్స్'. ఆయన పేరే. నిటారు అక్షరాలు. కట్టించాను.

8 ఆగస్టు, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. నిన్నటిదాకా ఊపిరాడలేదు. ఐనవిల్లి నుంచి వచ్చిన బుల్లెమ్మగారు నా కొట్టు ముందే నిలబడి, "వీరలక్ష్మిగారి కొట్టెక్కడండీ" అని పక్క మెడికల్ షాపులో అడిగారట. బోర్డు చూసి మగ టైలరనుకున్నారట. అలా ఎంతమంది వెనక్కి పోయారో.

11 ఆగస్టు

మళ్లీ దివ్య దగ్గరికి వెళ్లాను. బోర్డుకి కాదు. జాకెట్టు మెడ లోపల కుట్టే లేబుల్‌కి. సాటిన్ రిబ్బన్ మీద స్క్రీన్ ప్రింటింగ్. నా పేరు, ఆ వాలు అక్షరాల్లోనే.

ఈ ఫాంట్ పెద్ద సైజుకేనండీ, చిన్నది చేస్తే పూడిపోద్ది అంది. నిజమే. 'క్ష్మి' ఒట్టి నల్లటి మచ్చయిపోయింది. గుడి మూసుకుపోయింది, వత్తు అతుక్కుపోయింది. దివ్య మౌస్‌తో గుడి తెరిచింది, వత్తుని కొంచెం కిందికి లాగింది. మళ్లీ ప్రింటు. మళ్లీ మచ్చ. మళ్లీ తెరిచింది. భోజనానికి కూడా లేవలేదు. నేనూ లేవలేదు.

మీ మావయ్యగారికి తెలుసాండీ అంది. తెలీదన్నాను.

"ఆయ్" అని ఆఖరి ప్రింటు ఇచ్చింది. చదవగలిగాను.

20 ఆగస్టు

కుట్టిన ప్రతి జాకెట్టుకీ వేస్తున్నాను. బుల్లెమ్మగారు మెడ తిరగేసి పైకే చదివారు.

2 సెప్టెంబర్

పెరట్లో తీగ మీద ఆరేసిన అత్తయ్యగారి కొత్త జాకెట్టుకి మావయ్యగారు లేబుల్ చూశారు. కళ్లజోడు తెచ్చుకుని మరీ చదివారు.

"ఇదెవరికి కనబడుద్దమ్మా?"

తొడుక్కున్నవాళ్లకండీ అన్నాను. తీసెయ్యమనలేదు. అలాగని బాగుందనీ అనలేదు.

3 సెప్టెంబర్

అత్తయ్యగారు మొదటిసారి కొట్టుకి వచ్చారు. సంచిలోంచి పాత జాకెట్లన్నీ తీసి మిషను మీద పెట్టారు. వీటికీ నీ పేరు వెయ్యమన్నారు.

ఇవి నేను కుట్టినవి కాదండీ అన్నాను.

"వెయ్యి" అన్నారు.