బందరుకు పోయే నీళ్లు

మే 18, వేములపల్లి

ఆయన పోయి నెల. పెన్షన్ కాగితాలు వెతుకుతుంటే లష్కర్ డ్యూటీ నోట్‌బుక్ దొరికింది. ముప్పై ఏళ్లు సాగర్ ఎడమ కాలువ మీద షట్టర్లు ఎత్తడం, దించడం. రాసిందంతా అదే. చివరి అట్ట మీద మాత్రం 'రిటైర్ అయినంక బందరు' అని ఉంది. చాలాసేపు ఏడ్చాను.

ఈ నీళ్లు ఆఖరికి ఏడికి పోతయో సూడాలె అనేవాడు. సముద్రమంటే ఆయనకు బందరే. ఎప్పుడో కోదాడ దగ్గర హైవే బోర్డు మీద ఆ పేరు చూశాడు, అంతే. రిటైరై తొమ్మిది నెలలే బతికాడు. మోకాళ్ల నొప్పులు తగ్గనీ, వానలు పోనీ అంటూ వాయిదా వేసింది నేనే.

మే 19

అస్థికలు వాడపల్లి దగ్గర కృష్ణలో కలిపాము కదా. కృష్ణ పోయేది సముద్రానికే. ఈపాటికి చేరి ఉంటాడు. నేనూ పోతాను.

జూన్ 2

ఆడబిడ్డ రేణుకమ్మ మండిపడింది. ఏడాది తిరగకముందే గడప దాటుతవా, మా మల్సూర్ ఉంటే ఊకునేటోడా అంది. ఉంటే బస్సులో ముందు సీటు ఆయనదే. అలా అనుకుంటూనే బ్యాగు సర్దాను.

జూన్ 7, ఉదయం 6, కోదాడ బస్టాండ్

మా అమ్మాయి చరిత తోడు వచ్చింది. కండక్టర్ ఎక్కడికండీ అనగానే బందరు అని నేనే ముందు చెప్పాను. విజయవాడలో మారాలట.

సాయంత్రం, బందరు

బందరుకోటలో డచ్చివాళ్ల కాలం నాటి గోడలు చూశాము. చరిత ఫోటోలు తీసింది. నాకు వాటి మీద ధ్యాస లేదు. గిలకలదిండి హార్బర్‌కి పోదాం పద అన్నాను.

నీళ్ల ముందు నిలబడి ఆయన్ను పిలవాలనుకున్నాను. ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. ఏమయ్యా, చరిత నాయినా, అంతే. ఇవాళ కూడా నోరు రాలేదు.

వల బాగుచేస్తున్న ముసలాయన ఎవరి కోసమమ్మా అని అడిగాడు. చెప్పాను. వల పక్కన పెట్టాడు. నది కలిసేది ఇక్కడ కాదమ్మా, అటు హంసలదీవి దగ్గర, అయినా సముద్రమంతా ఒకటేలే అన్నాడు. మళ్లీ వల అందుకుంటూ, ఎండాకాలం బెజవాడ బ్యారేజీ గేట్లు మూసేస్తారు కదా, చుక్క కూడా కిందికి రాదు అన్నాడు.

వాడపల్లికీ బెజవాడకూ మధ్య పులిచింతల డ్యామ్ కూడా ఉంది. లష్కర్ పెళ్లాన్ని. గేట్ల సంగతే మర్చిపోయాను.

జూన్ 8, బస్సులో

నాయిన అందరి నీళ్లు ఆపిండు, ఇప్పుడు నాయిన్నే ఆపిన్రు అంది చరిత. ఇద్దరం నవ్వాము. తర్వాత అది కిటికీ వైపు తిరిగింది.

ఆయన లేని సముద్రం మరీ పెద్దగా ఉంది. నాకు ఆయన కావాలి.

జూన్ 30

వాన లేదు.

జూలై 30

సాగర్ గేట్లు ఎత్తారు. పులిచింతల నిండుతోందట. నేను టీచరుగా ఉన్న అంగన్‌వాడీలో పిల్లలకు పాడే పాట సగంలో ఆపి ఫోన్ చూసుకున్నాను. ఆయా నవ్వింది. నవ్వనీ.

ఆగస్టు 13, ఉదయం 5

బెజవాడలో డెబ్బై గేట్లూ ఎత్తారు. కాలువ కట్ట మీదికి పోయాను. ఎవరూ లేరు. పిలిచాను.

మల్సూర్, ఇగ పో.