పిలిస్తే వచ్చే బంగారి

ఐలవ్వకు బీరయ్య రాసేది. నేనిక్కడ కాలూ చేయీ ఆడుతూ బాగానే ఉన్నాను. అక్కడ నువ్వు, బిడ్డ రవళి, మన మంద చల్లగా ఉన్నారని తలుస్తాను.

మల్లేశ్ చేతికిచ్చిన నీ ఉత్తరం, మామిడికాయ తొక్కు అందాయి. తొక్కులో కారం చూస్తే నా మీద కోపం ఇంకా తగ్గలేదని తెలిసింది. ఫోనులో చెప్పకుండా కాగితం మీద ఎందుకంటావేమో. నువ్వు స్పీకరు పెడతావు, పక్కనే రవళి ఉంటుంది. అల్ కుసైస్ కూలీల క్యాంపులో ఉండే భూమేశ్ ఊరికి వస్తున్నాడు, ఇది అతని చేతికిస్తున్నాను.

వంట ఎవరు చేస్తున్నారని అడిగావు. నేను పప్పు వండుతాను, నూర్ మొహమ్మద్ భాయి రొట్టెలు కాలుస్తాడు. ఆయన పెషావర్ మనిషి, మాకు వీసా ఇచ్చిన అరబ్బు సేఠ్, కఫీల్ అంటారిక్కడ, ఆయన వేటకుక్కలను చూసుకుంటాడు. గొర్రెల పనేనా అని కూడా అడిగావు. గొర్రెలు నాలుగే ఉన్నాయి. నన్ను పెట్టుకున్నది జింకపిల్లలను సాకడానికి.

ఈ తోట సజ్జా అనే ఊరు దాటాక ఎడారి ఇసుకలో ఉంది, చుట్టూ ఎత్తయిన కంచె. తల్లి నుంచి వేరు చేసిన పిల్లలను నాకిస్తారు. తల్లి చచ్చిన గొర్రెపిల్లకు మనం పట్టినట్టే సీసాతో పాలు పట్టేవాడిని. పట్టేముందు మా నాయన నేర్పిన పిలుపే పిలిచేవాడిని. "డుర్ర్... దా దా దా" అంటే చాలు, ఎంత దూరాన ఉన్నా ఉరికొచ్చేవి. మన రవళి ఫోనులో చూసి బంగారి అని పేరు పెట్టిన పిల్లయితే అన్నిటికంటే ముందుండేది.

బంగారి పెద్దదైందా అని రవళి అడుగుతోందని రాశావు. అది లేదు, ఐలవ్వా.

పోయిన నెల కఫీల్ కొత్త కుక్కలను తెచ్చాడు. సన్నటి నడుము, పొడుగు కాళ్లు. వాటికి తరమడం నేర్పడానికి కంచెలోపల జింకను వదులుతారు. ఆ రోజు బంగారిని వదలమన్నారు. అది మంచిగానే ఉరికింది, కుక్కలకు అందలేదు. కానీ నా ప్రాణం ఆగలేదు. తోడేలు వస్తే మనం ఏం చేస్తాం? మందను మన దగ్గరికి పిలుచుకుంటాం. నా నోటి నుంచి ఆ పిలుపే వచ్చింది. బంగారి నా గొంతు విని వెనక్కి తిరిగింది. కుక్కలకు ఎదురొచ్చింది. నా కాళ్లకు ఇంకా పది అడుగుల దూరం ఉందనగా పట్టుకున్నాయి.

కఫీల్ చప్పట్లు కొట్టాడు. తర్వాత నూర్ భాయి నా మొహం చూడకుండా చెప్పాడు. ఆయన హిందీని మన మాటల్లో రాస్తున్నాను.

"సేఠ్ ఖుష్ అయిండు. రోజ్ ఐసే బులావ్, రోజూ గిట్లనే పిలువుమంటుండు."

"భాయీ, గిది పాపం కాదా?"

"పాపమే. మా దిక్కు శికార్‌లో జింకకు గుట్టంతా ఖుల్లా ఉంటది. కంచెల ఏసి కొడితే అది వేట కాదు."

"నేను పిలువ."

"అయితే ఖలాస్. నిన్ను ఇంటికి తోలుతరు."

తోలనీ. కట్టే ఇల్లు సగంలో ఆగిందని నాకు తెలుసు, నువ్వు తిట్టినా పడతాను. ఆ గొంతు మాత్రం ఇక కుక్కలకు ఇవ్వలేను.

ఇప్పుడు నా దగ్గర ఇంకో పిల్ల ఉంది. శుక్రవారం దాన్ని వదులుతారు. దానికి మనిషంటే భయం నేర్పుతున్నాను. పిలవకుండా పాలు పడతాను, పట్టగానే రాళ్లు విసురుతాను. కంచె దాటి ఎక్కడికీ పోలేకపోయినా, కనీసం నన్ను నమ్మి చావకూడదని. నిన్న ఒక రాయి గట్టిగానే తగిలింది. దూరంగా పోయి నిలబడింది. నాకు ఏడుపొచ్చి కూర్చుండిపోయాను. కుంటుకుంటూ వచ్చి నా అరచేతిలో మూతి పెట్టింది.

శుక్రవారం నేను పిలవకపోయినా అది నా దగ్గరికే వస్తుంది.

రవళికి బంగారి మందలో కలిసిపోయిందని చెప్పు. నేను వచ్చాక మన గొర్రెలను నువ్వే పిలువు.

ఇట్లు,
నీ పెనిమిటి
బీరయ్య