బీడులో పాలపిట్ట

బెల్లంపల్లి,
దసరా వెళ్లిన ఆదివారం.

బాపూ,

మీ పాదాలకు, నన్ను కన్న అవ్వ పాదాలకు దండం పెట్టి సుగుణ రాస్తున్నది. నేను బాగున్నాను. రెండు పూటలా తింటున్నాను. జ్వరం మళ్లీ రాలేదు. ఇవి ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే మీరు చదివి వినిపించేటప్పుడు అవ్వ ఇవి తేలేదాకా మిగతాది చదవనివ్వదు. మీ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? అవ్వకు దగ్గు తగ్గిందా? తమ్ముడు లెక్కలు చేస్తున్నాడా, లేక మానేరు ఒడ్డుకేనా?

అవ్వకు నా మీద కోపం ఇంకా పోలేదని మీ కార్డులో ఒక్క వాక్యంతో తెలిసింది. పండుగ పూట పిల్ల ఇంటికి రాకపాయె, ఎక్కడో బొగ్గుల ఊళ్లో ఉండి పాలపిట్టను కూడా చూడకపాయె అన్నదట. ఎందుకు రాలేదో ఈ ఉత్తరంలో చెబుతాను. విన్నాక కూడా కోపం ఉంటే దీపావళికి వచ్చి తిట్లు తింటాను.

ఇక్కడ అప్పుడే చలి మొదలైంది. ఇంటింటి ముందు బొగ్గు కుంపట్లు రాజేస్తారు. ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి నల్లనుసి పట్టి ఉంటుంది. బడిలో పిల్లలు నా మాట వింటారు కాని పెద్దవాళ్ల ముందు నాకు గొంతు ఇంకా రాదు. కాన్వెంటులో పద్యం అప్పజెప్పమంటే సిస్టర్ ముందు ఎట్లా నిలబడేదాన్నో మీకు తెలుసు. మొదట్లో బడి కాగానే తలుపు వేసుకుని పుస్తకం పట్టుకునేదాన్ని. ఎదురు క్వార్టర్ నర్సవ్వ మాత్రం తలుపు కొట్టి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టి పోయేది. ఏమీ అడిగేది కాదు. ఆమె పెనిమిటి రాజయ్య బాయిలో పని చేస్తాడు. ఇక్కడ గనిని అందరూ బాయి అనే అంటారు.

ప్రకృతి సంఘంలో చేరానని వానాకాలంలో రాశాను కదా. సర్వే ఆఫీసులో పని చేసే హమీద్ సాబ్ దాని కార్యదర్శి. మీ వయసు మనిషి. ఆదివారం పొద్దున్నే పదిమందిమి చెరువు వెనుక అడవి అంచున నడుస్తాం. ఆకులు తెచ్చి ఆరబెడతాం. విషం ఉన్న పాములేవో, లేనివేవో బొమ్మలు గీసి బడి గోడకు తగిలించాం. బాయిలో దొరికిన రాళ్లను కార్మికులు తెచ్చి ఇస్తారు. వాటి మీద ఈనెలతో సహా ఆకు అచ్చు పడి ఉంటుంది. ఆ చెట్టు ఇప్పుడు భూమి మీద ఎక్కడా లేదట. బతుకమ్మ పండుగకు ముందు గునుగు, తంగేడు, కట్ల పూలు పెట్టి పిల్లలకు చూపించాం. అన్నిటికీ చీటీలు రాసేది నేనే. మాట్లాడే పని లేదు కనుక నాకు నచ్చింది.

దసరా దగ్గరపడ్డప్పుడు హమీద్ సాబ్ ఒక మాట తెచ్చాడు. ప్రతి ఏడూ పిట్టలు పట్టే అతను పాలపిట్టల్ని రెక్కలు కట్టి పంజరంలో తెచ్చి జమ్మిచెట్టు దగ్గర కూర్చుంటాడు. పండుగనాడు పాలపిట్ట కనబడితే ఏడాదంతా మంచిదని జనం పైసలిచ్చి చూసి మొక్కుతారు. పండుగ దాటేసరికి వాటిలో చాలా చచ్చిపోతాయి. ఈసారి సంఘమే జనానికి విడిపిట్టను చూపిస్తే పంజరం పిట్టను ఎవరూ అడగరు కదా అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. ఎక్కడ చూపించాలి అన్నప్పుడు నేను చీటీ మీద రాసి అందించాను. లస్మయ్య చేనులో అని.

బడి నుంచి వచ్చే దారిలో లస్మయ్య నల్లరేగడి చేను ఉంది. యాసంగి జొన్నకు దున్నుతున్నాడు. రోజూ సాయంత్రం రైలుకట్ట పక్క తంతి తీగల మీది నుంచి పాలపిట్టలు నాగలి వెనకాలే దిగేవి. అవి కూర్చుంటే మట్టిరంగు. రెక్క విప్పితే మాత్రం బాపూ, మన ఇంటి అద్దం అంచున మెరిసే నీలం గుర్తుందా, దాని కన్నా బాగుంటుంది. నేను చాలా రోజులు నిలబడి చూశాను. ఒక్కరోజు కూడా తప్పలేదు. అందుకే ధైర్యంగా రాశాను.

కాలనీ అంతా డప్పు కొట్టి చాటించారు. జమ్మికి పోయే ముందు లస్మయ్య చేను దగ్గర ఆగండి, పాలపిట్టను విడిగా చూడండి, చూసిపెట్టింది టీచరమ్మ అని. నా పేరు డప్పు మీద వినబడుతుంటే ఇంట్లో తలుపు వేసుకున్నాను. నర్సవ్వ వచ్చి తీయించింది.

"టీచరమ్మా, నీ మాట మీద నేను పంజరం తానికి పోతలేను. ఏడాదంత మా ఆయన బాయిల దిగేటోడు. పండుగనాడు పిట్ట అగుపడకుంటె నాకు దినాం బుగులే."

ఆమె భయం విన్నాక కరీంనగర్ బస్సు ఎక్కడం నా వల్ల కాలేదు. నేను రానిది అందుకే.

పండుగనాడు పొద్దు వాలకముందే హమీద్ సాబూ నేనూ చేనుకు పోయాం. చేను ఖాళీగా ఉంది. నాగలి లేదు, ఎడ్లు లేవు, ఒక్క పిట్ట లేదు. చేను పక్కనే ఉన్న లస్మయ్య ఇంటికి పోతే నాగలి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, గోడకు ఆనించి ఉంది. ఎడ్ల కొమ్ములకు రంగు వేసి మెడలో బంతిపూల దండలు వేశారు.

"పండుగ పూట ఎడ్ల మెడ మీద కాడి పెడుతరా సారు?" అన్నాడు లస్మయ్య. "పొద్దుగాల్నే పూజ జేసినం. ఇగ రేపే."

హమీద్ సాబ్ అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాడు. ఆ పొద్దున ఆఫీసులో సర్వే సామానుకు పూజ చేయించి, బొట్టు పెట్టించి వచ్చిన మనిషే. బాయిల్లో పారలకూ గడ్డపారలకూ పూజలు చేసినవాళ్లే సంఘంలో అందరూ. ఆ రోజు నాగలి కూడా కదలదని మాలో ఒక్కరికీ తట్టలేదు. నేనా, పట్నంలో పుట్టి పుస్తకంలో నాగలిని చూసినదాన్ని.

అప్పటికే కాలనీ జనం కొత్తబట్టలతో బండ్లబాట పట్టారు. డప్పులు దగ్గరపడుతున్నాయి. బాట పక్కన పిట్టలు పట్టే అతను పంజరం మీద గుడ్డ కప్పి కూర్చున్నాడు. మమ్మల్ని చూసి నవ్వాడు.

"పిట్ట మీ చుట్టమా సారు, పిలిస్తె రానీకి? నా తాన ఉంది, తోలుకరాండ్రి అందర్ని."

నాకు పారిపోదామనే అనిపించింది. చేనుకూ బాటకూ నడుమ మోకాలెత్తు ఎండుగడ్డి బీడు ఉంది. నేను దానిలోకే నడిచాను. అడుగు వేసిన చోటల్లా మిడతలు లేచి చీర మీద పడ్డాయి. అక్కడే ఆగిపోయాను. పిట్టలు నాగలి కోసం రావడం లేదు. నాగలి లేపిన పురుగుల కోసం వస్తున్నాయి. రోజూ చూస్తూ ఇంత చిన్న సంగతి ఆలోచించలేదు.

జనాన్ని బాట వదిలి ఈ గడ్డిలోంచి వరుసగా నడవమని చెప్పండి అని హమీద్ సాబ్‌ను బతిమాలాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నా మాట ఇగ ఎవలింటరు బేటా? పిట్టను సూసింది నువ్వు. నువ్వే చెప్పు."

లస్మయ్య బండి చేను గట్టు మీద విప్పి ఉంది. దాని మీదికి ఎక్కాను. జనం అంతా నా వైపు చూస్తున్నారు. మొదటిసారి గొంతు రాలేదు. రెండోసారి వచ్చింది, నాకే వినబడనంత. అప్పుడు నర్సవ్వ ముందు వరుసలో కనిపించింది. ఆమె ఒక్కదానికే చెబుతున్నట్టు చెప్పాను.

"బాటమీదికెళ్లి రాకుండ్రి. అందరు ఒక్క వరుసల గడ్డిలకెళ్లి నడువుండ్రి. మిడతలు లేస్తె పిట్ట వస్తది."

గడ్డిలో పురుగూ పుట్రా ఉంటుందని కొందరు వెనక్కి తగ్గారు. కొత్త చీరలకు ముళ్లు అంటుకుంటాయని కొందరు. ఎవరో ఒకతను వెనుక నుంచి అన్నాడు, "ఎడ్లకు సెలవిచ్చి మనల్ని కాడికి కట్టింది గదా టీచరమ్మ." అందరూ నవ్వారు. నర్సవ్వ నవ్వలేదు. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపుకుని గడ్డిలోకి దిగింది. రాజయ్య ఒక కర్ర తీసుకుని గడ్డి తడుతూ ఆమె ముందు నడిచాడు. అతని జట్టువాళ్లు కర్రలు పట్టుకుని అటూ ఇటూ నిలిచారు. ఆ తర్వాత పిల్లలెత్తుకున్న ఆడవాళ్లు. బీడు ఈ చివర నుంచి ఆ చివర దాకా మనుషుల వరుస అయింది. డప్పులు ఆపించాను. అది కూడా నేనే చెప్పాను బాపూ, రెండోసారి అడక్కుండానే ఆపారు.

మిడతలు వాన చినుకుల్లా లేస్తున్నాయి. సగం బీడు నడిచారు. ఏమీ లేదు. పంజరం మీది గుడ్డ తీస్తున్న చప్పుడు నాకు వినబడింది. నేను బండి మీద జనం వైపు తిరిగి ఉన్నాను. తీగలు నా వెనుక ఉన్నాయి. తిరిగి చూసే ధైర్యం లేదు. నర్సవ్వ ముఖమే చూస్తున్నాను. ఆ ముఖం పైకి లేచింది. రెండు చేతులూ వాటంతటవే కలిశాయి.

తిరిగి చూసేలోపలే అది నా తల మీదుగా పోయింది. రెక్కలు రెండూ నీలం. నర్సవ్వ ముందు వాలి, మిడతను పట్టి లేచింది. వెనుక ఇంకొకటి. ఆ తర్వాత తీగ మీదివన్నీ వచ్చాయి. జనం నడుస్తున్నారు, పిట్టలు వాళ్ల ముందు దిగుతున్నాయి. ముసలమ్మలు నిలబడి మొక్కుతున్నారు. ఇందాక వెక్కిరించినతను కొడుకును భుజాన ఎక్కించుకుని, ఈ చివర దాకా వచ్చి మళ్లీ మొదటికి పోయి నడిచాడు. ఎవరూ చెప్పకుండానే.

పంజరం దగ్గరికి ఒక్కరూ పోలేదు. పిట్టలు పట్టే అతను చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. చివరికి, "ఇగ వీటిని ఎవలు సూస్తరు" అని, కట్లు విప్పి వదిలేశాడు. ఒకటి కంచె దాకా మాత్రమే ఎగిరింది. అక్కడ కూర్చుని రెక్కలు సవరించుకుంది. మేము జమ్మి దగ్గరి నుంచి వచ్చేసరికి కంచె మీద లేదు.

జమ్మి దగ్గర నర్సవ్వ మొదటి ఆకు నా చేతిలో పెట్టింది. "బంగారం తీసుకో బిడ్డా" అన్నది. అందరిలా టీచరమ్మ అనలేదు. తెల్లవారి రాజయ్య ఈల వేసుకుంటూ బాయికి పోయాడు. వచ్చే ఏడు ఇంకో రెండు కాలనీలలో ఇట్లాగే చేయాలని సంఘంలో అనుకున్నాం. ఆడవాళ్లు కొందరు ఆదివారం నడకకు వస్తామన్నారు. వాళ్లకు చెట్ల పేర్లు నేనే చెప్పాలట. చెబుతానన్నాను.

మీ దగ్గరున్న పాత పేపర్లు కట్టగట్టి పంపండి. ఆకులు ఆరబెట్టడానికి కావాలి. వాము కూడా కొంచెం. చిన్నమ్మకు, పక్కింటి తాతకు నా దండాలు చెప్పండి. తమ్ముణ్ణి సెలవుల్లో ఇటు పంపితే రాతి ఆకులు చూపిస్తాను. మీరిద్దరూ నన్ను మనసారా దీవించండి.

నర్సవ్వ ఇచ్చిన జమ్మి ఆకు ఇందులో పెట్టాను. ముందు దాన్ని అవ్వ చేతిలో పెట్టి, ఆ తర్వాత ఈ ఒక్క మాటా చదవండి. అవ్వా, నేను పిట్టను చూసిన. ఊరందరికీ చూపెట్టిన.

మీ బిడ్డ,
సుగుణ